నేల లేనివారి తోట

ధ్యానపాఠము

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 29:1–14, ద్వితీయోపదేశకాండము 11:10–15, యోనా 4వ అధ్యాయము.



మన పల్లె సంఘములలో పట్నమునకు ఒక బిడ్డనైనను పంపని యిల్లు ఇప్పుడు అరుదు. దేవరకొండ, మాల్, ఇబ్రహీంపట్నము వైపువారు సాగరు రోడ్డు మీదను, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ వైపువారు విజయవాడ రోడ్డు మీదను హైదరాబాదునకు పోవుచున్నారు. ఈ రెండు దారులవారును మొదట చేరునది నగరపు తూర్పు భాగమే. అందుచేత ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్, కర్మన్‌ఘాట్, చంపాపేట అను పేర్లు మన యిండ్లలో ప్రక్క ఊళ్ళ పేర్లవలె వినబడుచున్నవి.

బిడ్డల వెనుక పెద్దలును పోవుచున్నారు. మనుమలను సాకుటకు తల్లి పోవును; కాలు చెయ్యి ఆడని దినములలో తండ్రి పోవును. అక్కడ వారికి దొరకునది రెండు గదుల అద్దె పోర్షను. ముందర బండలు పరచిన చిన్న వాకిలి, చుట్టును మేడలు. ఎండ ఆ వాకిటిలోనికి గంటసేపో రెండు గంటలసేపో తొంగిచూచి పోవును. డాబా తాళపుచెవి ఇంటి యజమాని యొద్ద ఉండును. అరువది యేండ్లు మట్టిలో మెదలిన చేతులు అక్కడ ఊరక యుండవలసి వచ్చును. ఆ చేతులతో కూడ మనస్సును ఎండిపోవుటను మనలో అనేకులము చూచియున్నాము. “ఇది మన చోటు కాదు, మరి నాలుగు నెలలలో పోవుదము” అని వారు దినములు లెక్కించుచుందురు. ఆ నాలుగు నెలలు నాలుగేండ్లగును. ఈలోగా మొక్క నాటరు, ఇరుగుపొరుగువారిని ఎరుగరు, దగ్గరనున్న సంఘములో చేరరు.

కాబట్టి ఈ మాసపు పాఠము నీడ వాకిటిలో కుండీలయందు పెంచు తోటను గూర్చి వ్రాయుచున్నాము. సంఘపత్రికలో కుండీల మాట ఏల అని కొందరు అనవచ్చును. చెరలోనున్న ప్రజలకు ప్రవక్త వ్రాసిన ఉత్తరములో ప్రార్థన మాటకంటె ముందు తోట మాట యున్నదని గమనించుడి.

1. చెరలో నాటిన తోట

క్రీస్తునకు పూర్వము 597వ సంవత్సరమున బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమునుండి రాజును, అధిపతులను, పనివాండ్రను చెరపట్టుకొని పోయెను. కొండసీమలో ద్రాక్షతోటలును ఒలీవచెట్లును కలిగియున్నవారు మండుచున్న చదునునేలలో దింపబడిరి. బబులోను ఉండిన దేశమును నేడు ఇరాకు అందుము. అది వేసవిలో 45 డిగ్రీలు దాటి కాయు ఎడారి ప్రాంతము. అక్కడ వాన బహు స్వల్పము. నదినుండి కాలువలు త్రవ్వి నీరు పారించినచోటనే పచ్చదనము.

ఆ చెరవారి మధ్య కొందరు ప్రవక్తలమని చెప్పుకొనుచు త్వరలో ఇంటికి పోవుదుమని ఆశపెట్టిరి. యెరూషలేములో హనన్యా అనువాడు రెండు సంవత్సరములలోనే అంతయు ముగియునని ప్రకటించెను. యిర్మీయా అట్లు చెప్పలేదు. డెబ్బది సంవత్సరములని చెప్పెను. ఆ కాలమంతయు ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియు, తోటలు నాటి వాటి ఫలము తినుడనియు, మీరున్న పట్టణపు క్షేమము కోరి దానికొరకు ప్రార్థించుడనియు దేవుని పేరట ఉత్తరము పంపెను.

రెండేండ్లలో పోవుదుమనుకొనువాడు చెట్టు నాటడు. మూట విప్పకయే కూర్చుండును. దేవుడు ఆ మూట విప్పుమనుచున్నాడు. తిరిగి తెచ్చెదనన్న వాగ్దానమును ఆయన మరువలేదు; అది అదే ఉత్తరములో నున్నది. అయినను ఆ దినము వచ్చువరకు ఉన్నచోట బ్రదుకవలెను గాని, ఊరక కాచుకొని యుండరాదు.

ఈ మాటకు మన దేశములోనే ఒక సాక్ష్యమున్నది. విలియం కేరీ దొర 1793లో ఇంగ్లాండునుండి బంగాళమునకు వచ్చి, 1834లో శ్రీరాంపూరులో మరణించువరకు స్వదేశమునకు తిరిగి పోనేలేదు. ఆయన శ్రీరాంపూరు ముద్రాలయమునుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఆ చేతులే తోటపనియును చేసెను. ఈ దేశములో సేద్యమును, తోటలను వృద్ధిపరచుటకు 1820లో కలకత్తాలో ఒక సంఘమును స్థాపించిన వాడాయనయే. తిరుగు ప్రయాణము లెక్కించుకొనని మనుష్యుడు నాటగలడు.

2. నీడను శాపమనుకొనవద్దు

హైదరాబాదు ఎడారి కాదు. సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. అయితే దానిలో అధికభాగము జూను మొదలు అక్టోబరు వరకే వచ్చును. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట వాడుక. ఆ దినములలో బండలును గోడలును పగలు మ్రింగిన వేడిని రాత్రి కక్కును. ఆ రెండు నెలలు చంపాపేట వాకిలి ఎడారికి తోబుట్టువే.

అట్టి చోట నీడ మేలే గాని కీడు కాదు. ఎండదేశపు మనుష్యుడైన కీర్తనకారుడు దేవునిని తన కుడిప్రక్క నీడయని ఎంచెను (కీర్తన 121). ఇరాకు తోటలలో నేటికిని ఎత్తయిన ఖర్జూరముల నీడను పండ్లచెట్లును, వాటి క్రింద కూరమడులును పెంచుదురు. ఖర్జూరపు గొడుగు లేనిచో ఆ లేతమొక్కలు మాడిపోవును. పట్నములో ఆ గొడుగు పని పొరుగు మేడ చేయుచున్నది.

అయితే నీడలో అన్నియు పండవు. మొదట వాకిలిని చదువవలెను. ఒక దినమంతయు కనిపెట్టి, ఎండ ఏ మూల, ఏ గడియను, ఎంతసేపు పడునో గుర్తించుడి. ఉదయపు తూర్పు ఎండ మృదువైనది. వేసవి మధ్యాహ్నము పడమటినుండి వచ్చు ఎండ ఆకును కాల్చును. అది పడుచోట గోనెపట్టాయైనను, పచ్చని షేడ్‌నెట్టయినను కట్టవలెను.

మూడు నాలుగు గంటల ఉదయపు ఎండ తగులుచోట పుదీన, కొత్తిమీర, మెంతికూర, పాలకూర, బచ్చలి వచ్చును. నిండు ఎండలో కొత్తిమీర త్వరగా పూతకు వచ్చి ముదిరిపోవును; వేసవిలో దానికి కొంచెము నీడయే మేలు. నేరుగా ఎండ పడక, వెలుతురు మాత్రము బాగుగానున్న చోట తమలపాకు తీగ, వాము ఆకు, చామ, పసుపు పెట్టవచ్చును. చామాకు పచ్చిది నోరు దురద పెట్టును గనుక చింతపండు వేసి బాగుగా ఉడికించి తినవలెను. టమాట, వంగ, బెండ, మిరపలకు ఆరు గంటల ఎండ కావలెను. వాటిని నీడలో పెట్టి కాయలేదని దుఃఖించుట వ్యర్థము.

ఇందులో ఒక బోధ యున్నది. ఊరిలో ఎనుబది బస్తాలు పండించిన తండ్రి పట్నపు వాకిటిలో పుదీన కట్టకు మించి పండించలేడు. అది ఆయన తక్కువతనము కాదు. ఆ చోటికి తగిన పంట అదియే. వృద్ధాప్యమును ఒక నీడ వాకిలియే. యౌవనపు ఎండలో కాచినవన్నియు అక్కడ కాయవు. కాని నీడలోనే చక్కగా పెరుగు ఆకులు కొన్ని యున్నవి: ఓర్పు, ప్రార్థన, మనుమలకు చెప్పు వాక్యము. వాటిని విడిచి, కాయని వంగకొరకు ఏడ్వరాదు.

3. మంటి కుండ

దేవుని వెలుగను ధనము మంటి ఘటములలో నున్నదని పౌలు వ్రాసెను (2 కొరింథీ. 4). కుండ చులకనైనది, పగులునది, దానిలోనున్నది విలువైనది. తోటపనిలోను ఇదే సత్యము. కుండీ అందముకంటె దానిలోని మట్టిని గూర్చి ఎక్కువ శ్రద్ధ కావలెను.

కాల్చిన మట్టికుండీ వేసవికి మంచిది. దాని ఒంటినుండి చెమ్మ ఆరుచుండుటచేత, మంచినీళ్ళ కుండవలెనే లోపల చల్లగా నుండి వేళ్ళను కాపాడును. నల్లని ప్లాస్టిక్ సంచి ఎండకు కాగి వేళ్ళను ఉడికించును. అదియే యున్నచో గోనెగుడ్డ చుట్టుడి. ఆకుకూరలకు 6 మొదలు 8 అంగుళముల లోతు చాలును. కరివేపచెట్టునకు 15 అంగుళములకు తక్కువ కాని కుండీ కావలెను. దానికి ఎండ బాగుగా పడు మూలను ఇయ్యవలెను. పాత బక్కెట్టు, నూనెడబ్బా ఏదైనను పనికివచ్చును గాని అడుగున రంధ్రము లేనిదే మొక్క బ్రదుకదు. రంధ్రముమీద ఒక పెంకుముక్క బోర్లించుడి. నీరు పోవును, మట్టి నిలుచును.

ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగుగా మాగిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, పెద్ద కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చుడి. నల్లరేగడి ఒక్కటే పోసినయెడల తడికి ముద్దయై ఎండకు బీటలు వారును. పచ్చిపేడ వేయరాదు; అది వేడిచేసి వేళ్ళను చంపును. కుండీలను గోడకు అడుగు దూరముగా ఇటుకలమీద నిలిపి, ఒకదానికొకటి దగ్గరగా చేర్చుడి. దగ్గరగానున్న మొక్కలు ఒకదాని చెమ్మను ఒకటి కాపాడుకొనును. ఒంటరిగానున్న కుండీ ముందుగా ఎండును. సంఘమునకు దూరమైన విశ్వాసికి ఇది చెప్పకయే చెప్పు మాట.

4. చేతి నీళ్ళు

ద్వితీయోపదేశకాండములో మోషే రెండు విధములైన సేద్యములను పోల్చి చెప్పెను. ఐగుప్తులో కూరతోటకు మనుష్యుడు తన కాలి కష్టముతో నీరు పెట్టెను; వాగ్దానదేశమైతే ఆకాశపు వాన త్రాగును. మన చేలు రెండవ విధమైనవి. విత్తి, ఆకాశమువైపు చూచువారము మనము. కుండీ మొదటి విధమైనది. చూరు క్రిందనున్న కుండీమీద ఊరంతయు తడిసిన వానయును పడదు. దానికి వాన యన్నను ఏరు అన్నను నీళ్ళు పోయు చెయ్యి యొక్కటే.

పల్లెలో మన భక్తికి వాన యున్నది. గుడిగంట వినబడును, ఆదివారము రాకపోయినచో పెద్దలు వచ్చి అడుగుదురు, క్రిస్మసు పాట వీధి వీధిని తిరుగును. అడుగకయే తడియుచుంటిమి. పట్నపు గదిలో ఆ వాన లేదు. అక్కడ పడక ప్రక్కనున్న బైబిలును దినదినము చేతితో తెరువవలెను. రాత్రి భోజనమైన పిమ్మట పది నిమిషముల కుటుంబ ప్రార్థన చేయని యింటిలో విశ్వాసము వాడుట చూచి ఆశ్చర్యపడ నక్కరలేదు. అది నీళ్ళు పోయని కుండీ.

నీళ్ళు పోయుటకును విధమున్నది. తెల్లవారుజామున పోయుట మంచిది; వేసవిలో సాయంకాలము మరల చూడవలెను. వ్రేలు రెండవ కణుపువరకు మట్టిలో గ్రుచ్చి, పొడిగానున్నప్పుడే అడుగు రంధ్రమునుండి నీరు కారువరకు పోయుడి. పైపైన చల్లినయెడల వేళ్ళు పైకి వచ్చి ఎండకు చిక్కును. నీడలోని మొక్కలను గూర్చి మరియొక హెచ్చరిక: అవి దాహమువలన చచ్చుటకంటె అధిక జలమువలన కుళ్ళి చచ్చుటయే ఎక్కువ. ప్రేమతో గంట గంటకు పోసిన చెంబే దానిని చంపును. బిడ్డలకు బోధించువారు దీనిని మరువకుందురు గాక. సుదీర్ఘమైన గద్దింపులకంటె దినదినము మితముగా ఇచ్చిన వాక్యము వేరుకు చేరును.

ఊరికి పోవలసివచ్చి రెండు మూడు దినములు ఇల్లు విడుచువారు మెరుగు పూయని చిన్న మట్టికుండను, దాని మెడవరకు, పెద్ద కుండీ మట్టిలో పాతి, నీళ్ళు నింపి మూకుడు మూయుడి. కుండ గోడలగుండ నీరు మెల్లగా ఊరి వేళ్ళకు అందును. రెండు వేల యేండ్ల క్రిందటనే చీనాదేశపు రైతులు ఈ విధమెరుగుదురు. మట్టిమీద ఎండుటాకులో, కొబ్బరిపీచో పరచినచో చెమ్మ ఆరిపోదు.

ఆ నీళ్ళు ఎక్కడివో జ్ఞాపకముంచుకొనుడి. 2004వ సంవత్సరమునుండి కృష్ణానది నీరు నాగార్జునసాగరు వైపునుండి సుమారు నూరు కిలోమీటర్లు పైపులలో ఎక్కి హైదరాబాదునకు వచ్చుచున్నది. మన బిడ్డలు పోయిన దిక్కుననే మన యేటి నీరును పోయినది. వేసవిలో ఒక్కొక్క వీధి ట్యాంకరు కొరకు కాచుకొనును. అందుచేత బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీళ్ళనే కుండీలకు పోయుడి. ఉప్పు వేసినదియు సబ్బు కలిసినదియు వద్దు. బోరునీరు ఉప్పదైనచో మట్టిమీద తెల్లని పొర కట్టును. దానిని గీకివేసి, వానకాలమున కుండీని చూరు దాటి బయట పెట్టి మంచి వానకు కడుగనియ్యుడి. కుండీ క్రింది పళ్ళెములో నీరు నిలువనీయక వారమునకొకసారియైనను పారబోసి తుడువుడి. డెంగీ జ్వరము తెచ్చు దోమ అట్టి నిలువనీటిలోనే పుట్టును. పిండినల్లి పట్టిన ఆకులకు లీటరు నీటిలో ఒక చెమ్చా వేపనూనెయు, కొంచెము సబ్బును కలిపి సాయంకాలము చల్లుడి. అట్లు చల్లిన కూరను కొన్ని దినములు విడిచి, బాగుగా కడిగి వండుకొనుడి.

ఇంత చేసినను మొలకను పైకి లేపునది మనము కాము. నాటువాడును నీళ్ళు పోయువాడును పనివారే గాని, వృద్ధి కలుగజేయువాడు దేవుడని పౌలు చెప్పెను (1 కొరింథీ. 3).

5. సొరచెట్టును పట్టణమును

ఎండదేశపు నీడను గూర్చి పరిశుద్ధ గ్రంథములో ఒక కథ యున్నది. నీనెవె తూర్పు తట్టున యోనా కూర్చుండగా దేవుడు ఒక సొరచెట్టును మొలిపించి అతని తలకు నీడ కలుగజేసెను. యోనా బహుగా సంతోషించెను. మరునాడు ఒక పురుగు దానిని తొలిచెను, వేడిగాలి వీచెను, చెట్టు వాడెను. యోనా చావగోరెను. అప్పుడు దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ పుస్తకము ముగియును: నీవు నాటని, పెంచని చెట్టుకొరకు నీకింత దుఃఖమైతే, లక్షా యిరువది వేలకు మించిన జనమున్న ఈ పట్టణముకొరకు నేను కనికరపడకూడదా?

కుండీలు పెంచువారు ఈ ప్రశ్నను దాటిపోరాదు. నా పుదీన, నా తమలపాకు అని సంతోషించుచు, గోడకవతలి యింటిలో జ్వరముతోనున్న స్త్రీని ఎరుగనిచో, మనము యోనా ప్రక్కన కూర్చున్నవారమే. యోనాకు నీడ కావలెను, పట్టణము అక్కరలేదు. యిర్మీయా ఉత్తరములోనైతే తోటయును పట్టణపు క్షేమమును ఒకే చోట వ్రాయబడియున్నవి.

నీడ వాకిటిలోని కొత్తిమీర ఒక్క కుటుంబమునకు మించి యుండినచో, అది పొరుగింటి తలుపు తట్టుటకు దేవుడిచ్చిన నెపము. జలుబు చేసిన బిడ్డకు వాము ఆకు కొరకు ప్రక్క యింటివారు వచ్చినప్పుడు, “అమ్మా, మీదే ఊరు?” అను మాట మొదలగును. భాష వేరైనను, మతము వేరైనను, ఆకు ఇచ్చిన చేతిని ఎవరును మరువరు. పట్నములో ఒంటరినని ఏడ్చిన తల్లి ఆ విధముగా ఒక వీధికి పెద్దమ్మ యగును. ఇట్లు కాకపోయినచో తోట పెరిగినను మన పాఠము పండలేదనుకొనవలెను.

పల్లె సంఘములు చేయదగిన పని

చెరవారికి ఉత్తరము వచ్చినది యెరూషలేమునుండి. అనగా విడిచి వచ్చిన ఊరినుండి. పోయినవారిని మరువక వ్రాసిన వాడొకడుండెను. మన సంఘములు అట్లు చేయుచున్నవా? పట్నమునకు పోయిన కుటుంబముల పేర్లు హాజరు పుస్తకములో కొట్టివేసి ఊరకుందుమా?

ఈ మాసములో ప్రతి సంఘమును అట్టి కుటుంబముల పట్టీ వ్రాయవలెనని కోరుచున్నాము. ప్రతి యింటికిని ఒక చిన్న పొట్లము కట్టుడి: ధనియాలు, మెంతులు, బచ్చలి గింజలు కొన్ని, వాము ఆకు కొమ్మ ఒకటి. ధనియాలను నలిపి రెండు బద్దలుగా చేసి విత్తవలెనని, వాము కొమ్మను తడిమట్టిలో గ్రుచ్చిన చాలునని చెప్పుడి. దానితో కూడ ఒక ఉత్తరము పెట్టుడి. దానిలో సంఘపు సంగతులు, వారి పేరట చేయు ప్రార్థన, వారి వీధికి దగ్గరగానున్న సంఘపు పేరు వ్రాయుడి. ఊరికి వచ్చి పోవువారి చేత పంపుడి. అటుపిమ్మట నెలకొకసారి ఫోనులో మొక్కను గూర్చి అడుగుడి. మొక్కను గూర్చి అడిగినవానికి మనస్సును గూర్చి అడుగు త్రోవ తెరువబడును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. “త్వరలో పోవుదము” అను తలంపుచేత మనము నాటక విడిచినది ఏమి?

2. మన యింటిలో విశ్వాసము వానమీద ఆధారపడియున్నదా, చేతి నీళ్ళతో బ్రదుకుచున్నదా?

3. మన సంఘమునుండి పట్నమునకు పోయినవారిలో గత ఆరు మాసములలో ఎవరితోను మాటలాడనివారు ఎందరు?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నేలను విడిచి దూరముననున్న మా తల్లిదండ్రులను, మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారి చిన్న వాకిటిని నీ తోటగా చేయుము. వారి చేతులకు పనియును, వారి యింటికి వాక్యమును, వారి వీధికి సమాధానమును దయచేయుము. వారిని మరచిన మా మనస్సులను క్షమించి, ఈ మాసమందే వారిని వెదకునట్లు మమ్మును లేపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.